ర్యాంకు వేస్టయిపోతుందా?

జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల నోట ఒకటే మాట: "ఇంత మంచి ర్యాంకు వచ్చింది సార్, వేస్ట్ చేసుకోకూడదు కదా!" ర్యాంకు రాని ఇళ్లలో దిగులు ఉందంటే అర్థం చేసుకోవచ్చు. బాగా వచ్చిన ఇళ్లలో కౌన్సెలింగ్ ముగిసేదాకా నడిచే రభస చూస్తే మాత్రం నాకు ఓపిక నశిస్తుంది. ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ కోర్సని తిప్పి, ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉంచి చదివించారు. ఆ పిల్ల కష్టపడి ర్యాంకు తెచ్చుకుంది. తీరా తను ఎక్కడ ఏం చదవాలో తేల్చేది మాత్రం కిందటేడు కటాఫ్‌ల పట్టిక!

పోయిన జూన్‌లో ఖమ్మం నుంచి ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయికి రెండు వేలకూ మూడు వేలకూ మధ్య ర్యాంకు. ఆయన చేతిలో, ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కౌన్సెలింగ్ జరిపే జోసా వెబ్‌సైట్ నుంచి తీసిన క్లోజింగ్ ర్యాంకుల ప్రింటవుట్. అమ్మాయికి అందే సీట్లన్నిటికీ పసుపు హైలైటర్‌తో గీతలు, పక్కన పెన్నుతో వరస నంబర్లు. ఏ సీటు ముందు నిండితే అది ఒకటో నంబరు. "నీకేం చదవాలనుందమ్మా?" అని నేను అమ్మాయిని అడిగితే, "సీఎస్ఈనే సార్" అని ఆయన జవాబిచ్చారు. కాసేపు బయట కూర్చోమన్నాను. తలుపు వేశాక అమ్మాయి నోరు విప్పింది. సెలవులకు వెళ్లినప్పుడల్లా మేనమామ రైస్‌మిల్లులో బాయిలర్ దగ్గరే ఉండేదట. మద్రాస్ ఐఐటీలో మెకానికల్ పెట్టుకుంటానన్న రోజు నుంచీ ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడటం లేదట. "ఈ ర్యాంకుకి కొత్త ఐఐటీల్లో సీఎస్ఈ వస్తుంటే మెకానికల్ ఏంటి, ర్యాంకు వేస్ట్ అంటున్నారు సార్."

క్లోజింగ్ ర్యాంకంటే కిందటేడు ఆ సీటు తీసుకున్న చివరి విద్యార్థి ర్యాంకు, అంతే. అక్కడ పాఠం ఎలా చెబుతారో, ల్యాబులో మిషన్ మీద చెయ్యి వెయ్యనిస్తారో లేదో ఆ అంకె చెప్పదు. ముంబై ఐఐటీ సీఎస్ఈ కొన్నేళ్లుగా ఓపెన్ కేటగిరీలో 70వ ర్యాంకు లోపే నిండిపోతోంది. అది గొప్ప డిపార్ట్‌మెంటే, కాదనను. కానీ మొదటి వందలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది అక్కడికే పోవడంలో, ముందటి టాపర్లు పోయారు కాబట్టి మనమూ పోవాలన్న లెక్క చాలానే ఉంది. చేతిలో ఐదు వేలున్నాయని షాపులో ఐదు వేల చీరే కొనాలని ఎవరూ పట్టుబట్టరు. నచ్చింది మూడు వేలకే దొరికితే సంతోషంగా తెచ్చుకుంటాం. ర్యాంకు విషయంలో మాత్రం ఈ ఇంగితం ఎవరికీ గుర్తుకు రాదు.

మంది ఎటు పోతున్నారన్నది కూడా ఎప్పుడూ ఒక్కలా ఉండదు. 2001 ప్రాంతంలో డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలాక మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఎంతోమంది కంప్యూటర్స్ వదిలేసి ఈసీఈ వైపు మళ్లారు. వాళ్లలో చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోనే చేరారు. ఈ రోజు సీటు తీసుకున్న పిల్ల ఉద్యోగంలోకి వెళ్లేది నాలుగేళ్ల తర్వాత. ఆ తర్వాత ముప్పై ఐదేళ్లు పనిచేయాలి. ఈ జూన్‌లో ఏ బ్రాంచికి గిరాకీ ఉందో చూసి అంత దూరానికి హామీ ఇవ్వగలిగిన వాళ్లు ఎవరూ లేరు.

 

అంతకంటే ఎక్కువ నష్టం జరిగేది ఆప్షన్లు పెట్టే దగ్గర. "పైన పెద్దవి పెడితే కింద ఉన్నవి చేజారిపోతాయట కదా" అని ఏటా అడుగుతారు. చేజారవు. జోసా సాఫ్ట్‌వేర్ మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. మొదటిది రాకపోతే రెండోదానికి వెళుతుంది. రెండోదాని కోసం చూసేటప్పుడు, దాన్నే మొదట పెట్టుకున్నవాళ్ల కంటే మీరు వెనకబడిపోవడం అంటూ ఉండదు. ర్యాంకు ఒక్కటే లెక్క. కాబట్టి మనసులో ఉన్న వరసనే కంప్యూటర్‌లో పెట్టాలి. సీటు వచ్చాక మూడు దారులుంటాయి. ఇదే చాలంటే ఫ్రీజ్. ఇదే కాలేజీలో పై ఆప్షన్లు మాత్రమే చాలంటే స్లైడ్. జాబితాలో పైనున్న ఏ కాలేజీ అయినా సరేనంటే ఫ్లోట్. ఫ్లోట్ పెట్టిన వాళ్లకు తర్వాతి రౌండులో పై సీటు వస్తే, చేతిలో ఉన్నది ఆటోమేటిగ్గా పోతుంది. మళ్లీ అది కావాలన్నా ఇవ్వరు. కటాఫ్‌ల వరస చూసి జాబితా నింపిన ఇళ్లలో ఏడుపులు మొదలయ్యేది ఇక్కడే. పిల్లకు నచ్చిన సీటు రెండో రౌండులో వచ్చి ఉంటుంది. "పైన పెట్టాం కదా" అని ఫ్లోట్ కొడతారు. నాలుగో రౌండులో ఎవరికీ ఇష్టం లేని సీటు వచ్చి కూర్చుంటుంది. మీ చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా ఎక్కువ ఇష్టమైతే తప్ప ఏ సీటునూ పైన పెట్టకండి. జాబితా లాక్ చేసేలోపు మాక్ అలాట్‌మెంట్లు చూపిస్తారు. ఆ సాయంత్రం పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టి వరస తననే సరిచూసుకోనివ్వండి.

చేరాక బ్రాంచి మార్చుకోవచ్చులే అని సర్దిచెప్పే సీనియర్లుంటారు. ఆ మాట నమ్మి చేరకండి. కొన్ని ఐఐటీలు బ్రాంచి మార్పును పూర్తిగా ఎత్తేశాయి. మిగతా చోట్ల కూడా మొదటి ఏడాది మార్కుల కోసం మళ్లీ ఇంకో ఎంట్రన్స్‌లాంటి పరుగు తప్పదు.

నా ఇష్టాయిష్టాలు దాచుకోను. పాత ఐఐటీలో పిల్లకు నచ్చిన బ్రాంచి వస్తే, కొత్త ఐఐటీలో నచ్చని సీఎస్ఈ కంటే నా ఓటు దానికే. అక్కడ మెకానికల్ చదువుతూ కంప్యూటర్స్‌లో మైనర్ చేసుకోవచ్చు, ఇతర డిపార్ట్‌మెంట్ల కోర్సులు తీసుకోవచ్చు. పిల్లవాడికి నిజంగా కోడింగే ప్రాణమైతే, ఐఐటీ అన్న పేరు కోసం వాడికి పట్టని బ్రాంచిలో వేయడం తప్పు. వరంగల్ ఎన్ఐటీలోనో గచ్చిబౌలి ట్రిపుల్ఐటీలోనో సీఎస్ఈ హాయిగా చేయనివ్వండి. ఎన్ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్ వాళ్లవి. ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసైతే ఆ రాష్ట్రమే హోమ్ స్టేట్. గుంటూరు పిల్లవాడు హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే అతనికి దక్కేది వరంగల్ కోటా, తాడేపల్లిగూడెం కోటా కాదు. ఈ సంగతి తెలియక జాబితా తప్పుగా వేసుకున్న కుటుంబాలను ప్రతి ఏడూ చూస్తాను.

ప్యాకేజీల ప్రకటనల గురించి గట్టిగా చెప్పాలి. "కోటి రూపాయల ప్యాకేజీ" అని పేపర్లో వేసేది ఒక్క విద్యార్థికి వచ్చిన ఒక్క ఆఫర్. అందులో కంపెనీ షేర్లు, జాయినింగ్ బోనస్ అన్నీ కలిపేస్తారు. నెల నెలా చేతికొచ్చే జీతం వేరు. చూడాల్సింది మీడియన్, అంటే సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి జీతం. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు ఇచ్చే వివరాల్లో మీడియన్ జీతం, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అన్నీ ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు. ప్లేస్‌మెంట్ ఆఫీసు ఫోన్ నంబరు కంటే, అక్కడ సెకండియర్ చదువుతున్న మన ఊరి పిల్లల ఫోన్ నంబర్లు పట్టండి. క్లాసులు సరిగా జరుగుతున్నాయా, ల్యాబులో ఒక మిషన్‌కు ఎంతమంది, ఆదివారం లైబ్రరీ తెరుస్తారా అని అడిగించండి. ఫోన్ మీరు కాదు, పిల్లలే చేయాలి.

ఇక అసలు ఉచ్చులు. డిసెంబరులో, ఇంకా ఇంటర్ పరీక్షలే రాయకముందు, కొన్ని ప్రైవేటు యూనివర్సిటీల ఏజెంట్లు ఇళ్లకు ఫోన్లు చేస్తారు. "ఇప్పుడే సీటు బ్లాక్ చేసుకోకపోతే సీఎస్ఈ అయిపోతుంది" అని లక్షల్లో కట్టించుకుంటారు. ఏఐసీటీఈ 2024-25 నుంచి బ్రాంచిలో సీట్ల మీద గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. ఆ తర్వాత చాలా కాలేజీలు సివిల్, మెకానికల్ తగ్గించుకుని సీఎస్ఈలోనే ఏఐ అనీ, డేటా సైన్స్ అనీ, సైబర్ సెక్యూరిటీ అనీ సెక్షన్లు పెంచుకుంటూ పోతున్నాయి. అయిపోతుందన్నది ఒట్టి బెదిరింపు. కట్టిన ఫీజు వాపసు ఇవ్వాలనీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టేపెట్టుకోకూడదనీ యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. రసీదు లేకుండా ఒక్క రూపాయి కట్టకండి. మేనేజ్‌మెంట్ కోటా పేరుతో డొనేషన్ అడిగితే, అది 1983 నుంచీ చట్టప్రకారం నిషేధం.

రెండో ఉచ్చు లాంగ్‌టర్మ్. రెండు వేల ర్యాంకు వచ్చిన పిల్లవాడిని "ఇంకో ఏడాది కూర్చుంటే వందలోపు వస్తుంది" అని మళ్లీ హాస్టల్‌కు పంపడం నాకు క్రూరంగా అనిపిస్తుంది. వందలోపు ర్యాంకు కోచింగ్ సంస్థకు ఫ్లెక్సీ మీద ఫొటో కోసం కావాలి. పిల్లవాడికి కావలసిన చదువు వాడి చేతిలో ఇప్పుడే ఉంది. పదిహేడేళ్లకే దేశంలో రెండు వేల లోపు నిలిచిన పిల్లవాడికి "నువ్వు చాలలేదు" అని ఇంట్లోవాళ్లే చెబితే, ఆ మాట వాడిలో ఎన్నేళ్లు ఉంటుందో ఆలోచించండి. రాత్రి తిండి తినడం మానేసి, ఫోన్ ఎత్తడం మానేసి, గదిలో తలుపు వేసుకున్న పిల్లల్ని నేను చూశాను. అలాంటి పిల్లల ముందు ఆ పసుపు గీతల కాగితం పెట్టకండి. సీటు సంగతి పక్కన పెట్టి ముందు వాళ్ల పక్కన కూర్చోండి. అవసరమైతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

డబ్బు లెక్క ముందే వేసుకోవాలి. ఐఐటీల్లో 2016 నుంచి ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకూ, కుటుంబ ఆదాయం లక్షలోపు ఉన్నవాళ్లకూ అది పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఆదాయం ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. బిట్స్ పిలానీ, దాని హైదరాబాద్ క్యాంపస్ మంచివే కానీ, హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకు 20 లక్షలు దాటుతుంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో మంచి సంస్థల్లో సీటు వచ్చినవాళ్లకు హామీ లేని రుణం దొరుకుతుంది. పొలం అమ్మే మాట ఎత్తేముందు ఆ దరఖాస్తు పెట్టండి. పొలం అమ్మి చదివిస్తున్నామన్న మాట పిల్లలు విననే కూడదు.

ఒక దిగులు మాత్రం నన్ను వదలదు. లెక్కలంటే పడిచచ్చే పిల్లలు మన దగ్గర వందల్లో ఉంటారు. వాళ్లందరినీ సీఎస్ఈ క్యూలోకే నెడుతున్నాం. సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, 1940లలో కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త అయ్యారు. ఈ రోజుకీ అక్కడ బీస్టాట్, బెంగళూరులో బీమ్యాథ్ చదివేవాళ్లకు ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, తిరుపతిలోని ఐసర్, బెంగళూరు ఐఐఎస్సీలో పరిశోధనతో కూడిన బీఎస్ కోర్సు కూడా ఈ కోవలోవే. ఇవేవీ జోసా జాబితాలో కనిపించవు కాబట్టి మన ఇళ్లలో వీటి ఊసే రాదు. ఐఎస్ఐ, సీఎంఐ, ఐసర్ పరీక్షలు సాధారణంగా మే, జూన్ నెలల్లో జరుగుతాయి. దరఖాస్తులు చాలావరకు అడ్వాన్స్‌డ్ ఫలితాలకు ఎంతో ముందే ముగిసిపోతాయి. ఇప్పుడు సెకండియర్‌లో ఉన్న పిల్లలు ఫిబ్రవరి నుంచే ఆ వెబ్‌సైట్లు చూస్తుండాలి. మీ కాలేజీ వాళ్లు "అవన్నీ ఎందుకు, టైం వేస్ట్" అంటే, ఆ దరఖాస్తు ఇంట్లో కూర్చుని మీరే పెట్టుకోండి.