తాళం వేసిన ఇంట పెంపుడు కుక్క

మహాభారత కథ ఒక కుక్క రోదనతో ఆరంభమై మరొక కుక్క సాహచర్యంతో ముగింపుకు వస్తుంది. నన్నయ ఆంధ్రీకరించిన ఆదిపర్వంలో, జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆడుకుంటూ వచ్చిన సారమేయుణ్ణి రాజు తమ్ముళ్ళు అకారణంగా కొడతారు. దేవశుని అయిన సరమ రాజు ఎదుటికి వచ్చి తన బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీస్తుంది. మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు తనను నమ్మి వెంట వచ్చిన శునకాన్ని విడిచి ఇంద్రుని రథం ఎక్కడానికి ఇష్టపడడు. ఒకచోట కుక్కకు జరిగిన అన్యాయం, మరొకచోట కుక్కకు దక్కిన అండ. లోకోక్తులలోనూ శతకాలలోనూ కుక్క నీచత్వానికి ఉపమానంగా నిలిచిన మాట నిజమే. అయినా అదే జాతి ప్రజలు దానికి గ్రామసింహమని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులో సగం పరిహాసం, సగం గౌరవం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో కుక్కను పెంచడమనేది ఒకప్పుడు ప్రత్యేకంగా నేర్వవలసిన విద్య కాదు. పెంకుటింటికి వీధివైపు అరుగు, వెనుక పెరడు ఉండేవి. ఇంటిలో ముగ్గురు పొలానికి వెళ్ళినా ఒక ముసలమ్మో, బాలింతరాలో, బడి ఈడు రాని పిల్లలో ఇంటిపట్టున ఉండేవారు. కుక్క అరుగు మీద పడుకొనేది; ఎండ ఎక్కితే పశువుల శాలలోకి పోయేది; యజమాని వెంట కళ్ళం దాకా వెళ్ళి వచ్చేది. చద్దన్నమో, చోడి అంబలో, గంజో దాని వంతు దానికి అందేది. దానికి మెడపట్టీ లేదు, గొలుసు లేదు. ఒంటరితనం అసలే లేదు. ఆ జీవితం అన్ని విధాలా సుఖమైనదని అనుకోవడం మాత్రం పొరపాటు. టీకా ఎరుగని ఆ కుక్కలలో ఎన్నో రోగాల పాలయ్యేవి. పిచ్చికుక్క కాటుకు పసరు మందులు నమ్ముకొని మనుషులూ ప్రాణాలు పోగొట్టుకొనేవారు.

నేటి ఇల్లు వేరు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. విజయనగరం నుంచి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖపట్నానికి ఉదయపు రైలులో వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చేవారున్నారు. శ్రీకాకుళంలో కాపురముంటూ మారుమూల మండలాల పాఠశాలలకు బస్సులు మారి వెళ్ళే ఉపాధ్యాయులున్నారు. పైడిభీమవరం పరిసరాలలోని మందుల కర్మాగారాలలో వంతులవారీగా పనిచేసేవారికి పగలు, రాత్రి అనే భేదం లేదు. ఉద్దానం ప్రాంతం నుంచి దూరనగరాలకు వలస పోయినవారి ఇండ్లలో వృద్ధులు మాత్రమే మిగిలారు. కుక్క ఇప్పటికీ ఇంట్లోనే ఉన్నది. దానికి తోడుగా ఉండవలసిన మనుషులే పగటిపూట ఇంట్లో ఉండడం లేదు.

ఒక ఉపాధ్యాయ దంపతుల దినచర్యను ఊహించుకుంటే సమస్య స్పష్టమవుతుంది. ఉదయం ఏడున్నరకు ఇల్లు తాళం పడుతుంది. సాయంత్రం ఆరు దాటిన తరువాత తెరుచుకుంటుంది. నడుమ పది గంటలకు పైగా కుక్క ఒంటరిగా ఉంటుంది. వరండా గ్రిల్‌కు కట్టివేస్తే దాని లోకం గొలుసు పొడవుకు కుదించుకుపోతుంది. విడిచిపెడితే చెప్పులు, పరుపులు, తలుపు అంచులు కొరికివేస్తుంది. వారు వీధి మలుపు తిరిగారో లేదో మొరగడం మొదలుపెడుతుంది. కొంతసేపటికి ఆ మొరుగు ఏడుపుగా మారుతుంది. పొరుగువారు సాయంత్రం ఫిర్యాదు చేస్తారు. అలసి వచ్చిన యజమాని కొరికిన చెప్పును చూపించి కుక్కను కొడతాడు. కుక్కకు మాత్రం పొద్దున తాను చేసిన పనికి, ఇప్పుడు తగిలే దెబ్బకు ఉన్న సంబంధం తెలియదు. ఆయన ఇంటికి వస్తే దెబ్బలు పడతాయని మాత్రమే అది నేర్చుకుంటుంది. చెవులు వాల్చి మూలకు నక్కితే, తప్పు ఒప్పుకొన్నదని ఇంటివారు సంతోషిస్తారు. అది భయమే గాని పశ్చాత్తాపం కాదు.

ఈ చేష్టలను తుంటరితనమని అనేకులు భావిస్తారు. పశువైద్యులు వీటిని ఎడబాటు వలన కలిగే ఆందోళనగా గుర్తిస్తారు. కుక్క స్వభావతః గుంపు జంతువు. వేల ఏండ్లుగా మనిషితో కలిసి బ్రతికిన కారణంగా మనుషులనే తన గుంపుగా ఎంచుకుంటుంది. గుంపు విడిచిపోతే దానికి దిగులు సహజం. అధిక లాలాజలం, తలుపు దగ్గర గోకడం, అలవాటు లేని చోట మూత్రవిసర్జన, యజమాని వచ్చేవరకు ఆహారం ముట్టకపోవడం ఆ దిగులుకు గుర్తులు. యజమాని వెళ్ళిన మొదటి అరగంటలోనే ఇవి తీవ్రంగా కనిపిస్తాయి. తాళం చెవుల చప్పుడు, టిఫిన్ క్యారియర్ మూత శబ్దం, బూట్లు తొడుక్కోవడం వంటి వాటిని చూసి కొన్ని కుక్కలు ముందే కలవరపడతాయి.

జపాను దేశంలోని హాచికో కథ ఈ సందర్భంలో స్మరించదగినది. టోక్యో విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్ర ఆచార్యుడైన ఉఏనో హిదెసబురో పెంచిన అకితా జాతి కుక్క అది. ఆయన పనికి వెళ్ళి వచ్చే వేళకు షిబుయా రైలుస్టేషను దగ్గర ఎదురుచూసేది. 1925 మే 21న ఆచార్యుడు విధినిర్వహణలో ఉండగానే హఠాత్తుగా మరణించాడు. ఆ సంగతి తెలియని కుక్క 1935 మార్చి 8న తాను చనిపోయేవరకు, దాదాపు పది సంవత్సరాలు, స్టేషనుకు వస్తూనే ఉన్నది. 1934లో, అది బ్రతికి ఉండగానే, అక్కడ దాని విగ్రహం నెలకొల్పారు. లోకం దీనిని విశ్వాసానికి పరాకాష్ఠగా కీర్తిస్తున్నది. ఎదురుచూపు కుక్కకు ఎంత బరువైనదో కూడా ఈ కథలోనే కనిపిస్తుంది. యజమానికి ఉద్యోగం, స్నేహితులు, వార్తాపత్రిక, ఇంకా ఎన్నో వ్యాపకాలుంటాయి. కుక్కకు ఉన్నది యజమాని ఒక్కడే.

అట్లని ఉద్యోగస్థులు కుక్కను పెంచరాదనడం సమంజసం కాదు. ఎదిగిన ఆరోగ్యవంతమైన కుక్క రోజులో సుమారు సగం నిద్రలోనే గడుపుతుంది. ఆ నిద్రను యజమాని లేని సమయానికి మళ్ళించడమే ఇందులోని కిటుకు. ఇంటినుంచి బయలుదేరడానికి గంట ముందు నిద్ర లేచి, కుక్కను కనీసం ముప్పై, నలభై నిమిషాలు నడిపించాలి. ఆ నడక పరుగు పందెంలా ఉండరాదు. దారిలోని చెట్టు మొదళ్ళను, గోడ వారలను వాసన చూడనివ్వాలి. మనిషికి పత్రిక చదవడం ఎట్లాంటిదో కుక్కకు వాసన చూడడం అట్లాంటిది. ఇంటికి వచ్చిన తరువాత నీరు, ఆపైన ఆహారం. కడుపు నిండి, కాళ్ళు అలసిన కుక్క తాళం పడే వేళకు కునుకు తీస్తుంది.

ఆహారాన్ని అంతా ఒకే గిన్నెలో పోయకుండా కొంత భాగాన్ని దాచిపెట్టి వెదికించడం మంచి ఉపాయం. పాత తువ్వాలు మడతలలో, అట్టపెట్టెలో, రంధ్రమున్న గట్టి రబ్బరు బంతిలో కొద్దికొద్దిగా ఉంచితే దానిని వెలికితీయడంలో కుక్కకు పొద్దుపోతుంది. వెళ్ళేటప్పుడు హడావిడిగా వీడ్కోలు చెప్పడం, వచ్చీ రాగానే ముద్దాడి గగ్గోలు చేయడం మానుకోవాలి. తాళం చెవులు తీసుకొని బయటికి పోకుండా కూర్చోవడం, ఒక నిమిషం బయట నిలిచి తిరిగి రావడం, తరువాత ఐదు నిమిషాలు, ఆ తరువాత అరగంట - ఈ విధంగా సెలవు దినాలలో అలవాటు చేయాలి. దీనికి వారాలు పడుతుంది. ఓపిక లేనివారు మధ్యలో విడిచిపెట్టడం వలననే అది ఫలించదు.

గొలుసు విషయంలో చట్టం మౌనంగా లేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోని 11వ సెక్షను ప్రకారం, మరీ పొట్టిదైన లేదా మరీ బరువైన గొలుసుతో జంతువును అనుచితమైన కాలం కట్టి ఉంచడం నేరం. నిత్యం కట్టివేసిన కుక్కను తగినంతగా తిప్పకపోవడం కూడా యజమాని నేరమేనని ఆ సెక్షను ప్రత్యేకించి చెబుతున్నది. తగిన ఆహారం, నీరు, నీడ కల్పించకపోవడమూ అందులో చేరినదే. మొదటి నేరానికి ఆ చట్టం చెప్పిన జరిమానా యాభై రూపాయలకు మించదు. ఈ కాలంలో ఒక మంచి గొలుసు వెల అంతకంటె ఎక్కువ. అందుచేత శిక్షకు వెరచి ఎవరూ కుక్కను విప్పరు.

తీరాంధ్రలో వేసవి ఉష్ణోగ్రత కంటె గాలిలోని తేమ ఎక్కువ బాధాకరం. కుక్క శరీరానికి మనిషి వలె చెమట పట్టదు. అరికాళ్ళ మెత్తలలో మాత్రమే కొద్దిగా చెమర్చుతుంది. వగర్చడం ద్వారానే అది వేడిని వెలికి పంపుతుంది. గాలి తేమగా ఉన్నప్పుడు వగర్పు వలన కలిగే ఉపశమనం తగ్గిపోతుంది. సాధారణంగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు ఉండే దేహోష్ణం 105 డిగ్రీలు దాటితే ప్రాణాపాయమే. రోహిణికార్తె ఎండలో రేకుల షెడ్డు కింద కట్టివేసిన కుక్కకు మధ్యాహ్నం రెండు గంటలకు నీటిగిన్నె ఒరిగిపోతే, సాయంత్రం వరకు దాని గతి ఏమిటి? పదిహేను కిలోల కుక్కకు మామూలు రోజులలోనే సుమారు లీటరు నీరు కావాలి. ఎండకాలంలో ఇంకా ఎక్కువ. తేలికైన స్టీలు గిన్నెకు బదులు ఒరగని బరువైన మట్టి లేదా సిమెంటు తొట్టెలు రెండు, నీడలో, వేర్వేరు చోట్ల ఉంచాలి. దట్టమైన బొచ్చు గల హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి మంచుదేశపు జాతులను ఈ తీరానికి తెచ్చి, పగలంతా మూసిన ఇంట్లో ఉంచడం ముచ్చట తీర్చుకోవడమే గాని ప్రేమ అనిపించుకోదు. ఈ వాతావరణానికి తరతరాలుగా అలవాటుపడిన ఊరకుక్క పిల్లను తెచ్చుకొంటే ఖర్చూ తక్కువ, జబ్బులూ తక్కువ.

పిల్ల అన్న మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక అవసరం. రెండు నెలల కుక్కపిల్లకు రోజుకు నాలుగుసార్లు ఆహారం పెట్టాలి. అది రెండు, మూడు గంటలకు మించి మూత్రాన్ని ఆపుకోలేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయస్సులో టీకాలు మొదలుకావాలి. అవి పడని పిల్లలను పార్వో వ్యాధి వాంతులతో, నెత్తుటి విరేచనాలతో రెండు, మూడు రోజులలో బలిగొనగలదు. పది గంటలు తాళం పడే ఇంటికి ఇటువంటి పసికూనను తేవడం తగని పని. తప్పదనుకొంటే వేసవి సెలవులలో తెచ్చి, బడులు తెరిచే లోపల అలవాట్లు నేర్పే వీలు ఉపాధ్యాయులకు ఉన్నది. కర్మాగారంలో పనిచేసేవారికి ఆ వీలు లేదు. వారు ఏడాది దాటిన కుక్కను చేరదీయడమే ఉభయులకూ క్షేమం.

ఎంత ఏర్పాటు చేసినా మధ్యాహ్నం ఒక మనిషి వచ్చి చూడడంతో సమానం కాదు. పక్కింటి మామ్మ, పాలు పోసే వ్యక్తి, కళాశాలకు వెళ్ళే వీధి కుర్రవాడు - ఎవరో ఒకరు పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలో వచ్చి కుక్కను పావుగంట బయట తిప్పి, నీరు నింపి వెళ్ళే ఏర్పాటు చేసుకోవాలి. ఊరక సాయం అడగడం కంటె నెలకు ఇంతని ముట్టచెప్పడం మర్యాద. కొందరు ఇంట్లో కెమెరా అమర్చి చరవాణిలో కుక్కను చూసుకొంటారు. అది యజమాని మనస్సుకు ఊరటనిస్తుంది. నీరు పోయడం మాత్రం దాని వల్ల కాదు.

మిగిలిన కూర కలిపిన అన్నం పెట్టడం మన ఇండ్లలో మామూలు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, చాక్లెట్ విషతుల్యం. ఉడికించిన కోడి ఎముక చీలికలై పేగులకు గుచ్చుకొంటుంది. ఇంట ఎవరూ లేని వేళ ఆ ఎముక గొంతుకు అడ్డుపడితే చూసే దిక్కు లేదు.

పగలు కట్టివేయడానికి మనసొప్పక కుక్కను వీధిలోకి వదిలిపోయేవారూ ఉన్నారు. దాని వలన రేబిస్ భయం ఇంటి గుమ్మం దాకా వస్తుంది. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధి నుంచి బ్రతికి బయటపడడం దాదాపు అసాధ్యం. మూడు నెలల వయస్సులో టీకా, తరువాత ఏటేటా మరల వేయించడం తప్పనిసరి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే బాలునికి మొదటిసారి రేబిస్ టీకా వేసిన దినానికి గుర్తుగా జూలై 6వ తేదీని జూనోసిస్ దినంగా పాటిస్తున్నారు. ఆనాడు ప్రభుత్వ పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉన్నది. కుక్క కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పసర్లు, కారం, సున్నం పెట్టరాదు.

టపాసుల చప్పుడుకు కుక్కలు గోడలు దూకి తప్పిపోవడం పరిపాటి. దీపావళికే గాక నాగులచవితికి కూడా బాణసంచా కాల్చే ఆచారం ఉత్తరాంధ్రలో ఉన్నది. ఆ రెండు దినాలలో కుక్కను లోపలి గదిలో ఉంచి, ఇంటివారిలో ఒకరు దగ్గర ఉండడం మేలు. తుఫాను ముప్పు ఇంతకంటె గొప్పది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని ఊపివేసింది. అటువంటి హెచ్చరిక వెలువడినప్పుడు, పనికి వెళ్ళక తప్పనివారు పశువులతో పాటు కుక్క మెడలోని గొలుసును కూడా విప్పి వెళ్ళాలి. కట్టులేని జంతువు మెరకకు చేరుకొంటుంది. కట్టు ఉన్నది నీటిలోనే ఉండిపోతుంది.

ఉద్యోగస్థుల కుక్కకు వచ్చే ఆఖరి ఆపద బదిలీ. కొత్త ఊరిలో అద్దె ఇంటివారు ఒప్పుకోరనో, మూడవ అంతస్తులో పెంచడం కష్టమనో కుక్కను వీధిలో విడిచి పోతారు. తగిన కారణం లేకుండా జంతువును అట్లా దిక్కులేని స్థితిలో విడిచిపెట్టడం కూడా పైన చెప్పిన 11వ సెక్షను కింద నేరమే. బదిలీ ఉత్తర్వు చేతికి అందిన నాడే, సామాను లారీ మాట్లాడుకోకముందే, దానికి తెలిసిన మనుషులలో ఒకరి ఇల్లు చూడాలి. వెళ్ళడానికి కనీసం రెండు వారాల ముందు నుంచి రోజూ కొంతసేపు అక్కడ ఉంచి అలవాటు చేయాలి. ఆ పని చేయని ఇంటి ముందు, తాళం మారి, గుమ్మంలో కొత్తవారి ముగ్గు పడిన తరువాత కూడా, సాయంత్రం ఆరు గంటల వేళకు కుక్క వచ్చి కూర్చుంటూనే ఉంటుంది.