మెష్ కాదమ్మా, సందు చూడు

కాకినాడ

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అంతా కులాసా. మీ పెదనాన్న మోకాలి సంగతి మీ అమ్మ ఈపాటికి చెప్పే ఉంటుంది, మళ్ళీ రాయను. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ మధ్యలో చంటాడు ఏడుస్తున్నాడని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. తీరిగ్గా చదువు.

మీ పక్క బ్లాకులో ఇద్దరికి డెంగీ అని నువ్వు పెట్టిన మెసేజ్ చూసినప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. దాని వెనకే రెండో మెసేజ్: మెష్ అతను వచ్చి చూశాడని, కిటికీలన్నిటికీ ఉన్నవి పీకేసి మడతల మెష్ వేస్తానన్నాడని, ఆదివారం అడ్వాన్సు ఇస్తున్నామని. ఇల్లంతా చీమలు దూరని చిట్టడవిలా చేసిపెడతానన్నాడుటగా! ఇవ్వకు. ఒక వారం ఆగు. ముందు నేను చెప్పేది విను.

నువ్వు పంపిన ఫోటోలు ఫోన్లో వేళ్ళతో పెద్దవి చేసి మరీ చూశాను. హాలు కిటికీ మెష్‌కి చిరుగే లేదు. లోపమల్లా అద్దం తలుపు సగం తెరిచి వదలడంలో ఉంది. మీది స్లైడింగ్ కిటికీ కదా, అద్దాలకి రెండు పట్టాలు, మెష్‌కి ఇంకో పట్టా. అద్దాన్ని పూర్తిగా పక్కకి తోస్తే మెష్ తలుపు నిలువు కమ్మీ, అద్దం నిలువు కమ్మీ ఒకదానికొకటి ఎదురుగా వచ్చి, మధ్యలో ఉన్న బ్రష్ పట్టీ దారి మూసేస్తుంది. సగంలో ఆపావనుకో, రెండు కమ్మీల మధ్య పై నుంచి కింది దాకా వేలు దూరేంత సందు. మెష్ వేసే ఉంది, దోమ పక్కనుంచి దర్జాగా వస్తోంది. తెరిస్తే పూర్తిగా తెరువు, లేదా పూర్తిగా మూసెయ్. దీనికి పైసా ఖర్చు లేదు, అల్లుడుగారికి కూడా చెప్పు.

దోమ జాలీలోంచి రాదే తల్లీ, సందులోంచి వస్తుంది. నలభై మంది పిల్లలున్న క్లాసులో జువాలజీ చెప్పిన గొంతు నాది, ఇదొక్కటే పదిసార్లు చెప్పినా విసుక్కోకు.

నా చిన్నతనంలో మా వీధికి ఫైలేరియా పరీక్షల వాళ్ళు రాత్రి పూట వచ్చేవాళ్ళు. బోదకాలు పురుగు పిల్లలు రాత్రి పూటే పైరక్తంలోకి వస్తాయి కాబట్టి అందరూ పడుకునే వేళకి వచ్చి, వేలు పొడిచి, గాజు పలకల మీద రక్తం చుక్కలు తీసుకెళ్ళేవాళ్ళు. గోదావరి జిల్లాల్లో బోదకాలు లేని వీధి ఉండేది కాదు ఆ రోజుల్లో. టార్చి వెలుగు అరుగు మీద పడగానే నేనూ మీ అమ్మా దోమతెరలో దూరి అంచులు పరుపు కింద దోపేసుకుని నిద్ర నటించేవాళ్ళం. అమ్మమ్మ వచ్చి తెర ఎత్తకుండానే, ఎక్కడ దోపలేదో చేత్తో తడిమి చూసేది. మా వేళ్ళు పొడిచారా లేదా అన్నది ఆవిడకి పట్టేది కాదు. ఆ రాత్రి అంచు ఎక్కడ వదులుగా ఉందన్నదే పట్టేది. ఆ పిచ్చి నాకూ వచ్చింది. మీ పెదనాన్న ఇప్పటికీ నవ్వుతారు.

ఇక నీ ఇంటికి వద్దాం. డ్రాయర్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, ఒకటి తీసి సన్నగా కత్తిరించి రెండు మడతలు పెట్టు. మెష్ తలుపు మూసి, అంచు చుట్టూ ఆ ముక్కని దూర్చి చూడు. బ్రష్ పట్టుకుని ఆపితే సరే. ఆగకుండా జారిపోయిందంటే అక్కడ బ్రష్ అరిగిపోయినట్టు. ఈ బ్రష్ పట్టీ అల్యూమినియం సెక్షన్లు అమ్మే షాపుల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది, గాడిలోకి పక్కనుంచి జారిస్తే ఎక్కుతుంది. కిటికీ మొత్తం మార్చమనే మనిషి ఈ పట్టీ సంగతి ఎందుకు చెప్పడో నీకే తెలుసు, చదరపు అడుగుల లెక్కలో దానికి చోటు లేదు మరి.

కింది పట్టాలో చిన్న చిన్న కన్నాలు ఉంటాయి చూడు, వాన నీళ్ళు బయటికి పోవడానికి. దోమలొస్తున్నాయని వాటికి ఎమ్‌సీల్ పెట్టేసేవు, గట్టి వానకి నీళ్ళు పట్టాలో నిండి హాల్లోకి దిగుతాయి. పాత మెష్ ముక్కే చిన్నగా కత్తిరించి, లోపలి వైపు అతికించు చాలు. ఆ తరవాత ఏసీ పైపు గోడలోంచి వెళ్ళే కన్నం, వంటింటి చిమ్నీ గొట్టం చుట్టూ ఉన్న ఖాళీ, బాత్రూమ్ వెంటిలేటర్లో ఎగ్జాస్ట్ ఫాను పక్కన వదిలేసిన గాజు పలక జాగా. ఇవేవీ మెష్ అతని కాయితంలో లేవు, నువ్వు పంపిన ఫోటోలో చదివాను. రాత్రి హాల్లో లైట్లు ఆర్పి వీధి గుమ్మం కిందకి చూడు. కారిడార్ వెలుగు గీతలా కనపడితే అదీ దారే. తలుపు అడుగున రబ్బరు పట్టీ వేయించు.

నిజంగా చిరిగినవి రెండే: పడగ్గదిది, పిల్లాడు పెన్సిల్‌తో పొడిచింది. పెన్సిల్ కన్నానికి కొత్త మెష్ ఎందుకే? దారాలు తెగకుండా పక్కకి జరిగి ఉంటే గుండుసూదితో మళ్ళీ దగ్గరికి తోసి ఒక చుక్క ఫెవిక్విక్ పెట్టు. తెగి ఉంటే అదే మెష్ ముక్క అతికించు. (చంటాణ్ణి కొట్టావని మీ అమ్మ చెప్పింది. కొట్టకు. వాడు చూడబోయింది కన్నంలోంచి పావురాన్ని.)

పడగ్గదిది మాత్రం పొడుగునా చీలింది కాబట్టి గుడ్డ మార్చాల్సిందే. ఫ్రేము మార్చక్కర్లేదు. ఫ్రేము ఊడదీసి నేల మీద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టు. గాడిలో నల్ల రబ్బరు తాడు ఉంటుంది, స్క్రూడ్రైవరుతో ఒక మూల లేపి లాగితే వచ్చేస్తుంది. పాతది ఎండకి బిరుసెక్కి ఉంటుంది, మళ్ళీ వాడకు. ఒక ముక్క షాపుకి పట్టుకెళ్ళి అదే లావుది తెచ్చుకో, సన్నది తెస్తే మెష్ ఊడొస్తుంది, లావుది తెస్తే గాడిలో దిగదు. కొత్త మెష్ నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి పరిచి, ఒక పక్క నుంచి చిన్న చక్రం రోలరుతో రబ్బరు నొక్కుకుంటూ రా. మూలల్లో చక్రం పనికిరాదు, స్క్రూడ్రైవరు మొనతో అదుముకో. చివర్న బ్లేడుతో, రబ్బరుకి బయటివైపు కోసెయ్. ఒక్క మాట, డోలు బిగించినట్టు లాగకు. బాగుంది కదా అని లాగితే అల్యూమినియం కమ్మీలు మధ్యలో లోపలికి వంగుతాయి, బిగించాక అంచున సందు. మళ్ళీ సందు! ఇద్దరు పట్టుకుంటే గంటలో అయిపోయే పని, అల్లుడుగారికి ఆదివారం ఏం పని?

తాతయ్య ఈ పని ఏటా మృగశిర కార్తెకి ముందే చేసేవారు. అప్పట్లో చెక్క ఫ్రేములు, ఇనప జాలీ. సముద్రపు గాలికి జాలీ ఎర్రబడి, వేలితో నొక్కితే పొడి రాలేది. చెక్క బీడింగు పగలకుండా ఊడదీసి, మేకులు ఒక్కొక్కటీ సుత్తితో తిన్నగా సాగదీసి డబ్బాలో వేసేవారు. నేను అవతలి కొస పట్టుకోవాలి, తెగిన తీగ మొనలు బొటనవేలికి గుచ్చుకునేవి. వీధి గుమ్మానికి స్ప్రింగు జాలీ తలుపు ఉండేది, నీకు గుర్తుండదు. పెళ్ళిచూపులకి వచ్చిన మీ పెదనాన్న వెనక్కి చూసుకోకుండా అడుగేస్తే అది ఠప్పున వచ్చి మడమకి తగిలింది. "ఈ ఇంట్లో దోమక్కూడా ప్రవేశం లేదన్నమాట" అన్నారు వాళ్ళ నాన్నగారు. సంబంధం అక్కడే కుదిరిందని ఇప్పటికీ మా ఇద్దరికీ వాదన. ఏదో చెప్పబోయి ఎక్కడికో వెళ్ళాను.

చెప్పబోయింది ఏమిటంటే, మెష్ రకం ఊరిని బట్టి. మాలాంటి సముద్రపు ఒడ్డు వాళ్ళకి స్టీలులోనూ మంచి రకం కావాలి. హైదరాబాదులో మీకు ఆ బాధ లేదు. ఫైబర్ మెష్ చాలు, అది గాజు నూలుకి పీవీసీ పూత పూసింది, తుప్పు పట్టదు. అంగుళానికి పద్ధెనిమిది బై పదహారు కన్నాలున్నది అడుగు. వంటింటి వైపు ఎలక తిరుగుతోందన్నావు, అక్కడొక్కచోట స్టీలుది వేయించు, ఫైబర్ని ఎలక ఇట్టే కొరుకుతుంది. మెష్ వల్ల గాలి రావట్లేదని నీ ఫిర్యాదు. ఆ ఫోటో కూడా చూశాను, అది మెష్ కాదు, మెట్రో దుమ్ము. సబ్బు నీళ్ళు, మెత్తటి బ్రష్షు పెట్టి కడుగు, గాలి అదే వస్తుంది.

మూడో అంతస్తుకి దోమలు రావని అల్లుడుగారు అన్నారట. ఎగరక్కర్లేదు, లిఫ్టులో మనతో పాటే వస్తాయి. డెంగీ దోమకి, కాళ్ళ మీద తెల్ల చారలుండే దానికి, మురుగు కాలవ కూడా అక్కర్లేదు. నీ మనీప్లాంటు సీసా, కుండీల కింద పళ్ళేలు, ఫ్రిజ్ వెనక ట్రే, ఇవే దాని పుట్టిళ్ళు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు. కాబట్టి వారానికొకసారి అన్నీ వంచేసి, వాటి లోపలి గోడలు రుద్ది కడుగు, ఎండిన గుడ్లు నెలల తరబడి బతికుంటాయి. ఇంట్లోనే పుట్టించుకుంటే నీ మెష్ వాటిని బయటికి పోనివ్వదు, అంతే. పైగా అది పగటి దోమ, పొద్దున్నా సాయంత్రం ఎండ వాలేటప్పుడూ కుడుతుంది. రాత్రి కిటికీలు మూసి గెలిచామనుకోకండి.

మీ ఊళ్ళోనే, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. 1902లో నోబెల్ కూడా ఇచ్చారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. చంటాడు కొంచెం పెద్దయ్యాక తీసుకెళ్ళి చూపించు. నేను ఎన్ని బ్యాచ్‌లకి ఆ పాఠం చెప్పానో!

మడతల మెష్ ఒక్క బాల్కనీ గుమ్మానికి మటుకు వేయించుకో. రోజుకి పదిసార్లు తీసి వేసే చోటు, వెల్క్రోతో అతికించే మెష్ అక్కడ నిలవదు, దుమ్ము పట్టి పట్టు వదిలేస్తుంది. మడతల దాంట్లో సన్నటి దారాలు ఉంటాయి, అవి తెగితే ఎవరు వచ్చి చేస్తారో ముందే అడిగి కాయితం మీద రాయించుకో. కింది పట్టా ఎత్తు తక్కువది అడుగు, చంటాడు పరిగెత్తుతూ తట్టుకోకుండా.

వాడికి జ్వరం వస్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యకు, ముందు డాక్టరు దగ్గరికి పరిగెత్తు. బ్రూఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వెయ్యొద్దు. డెంగీ అయితే రక్తస్రావానికి దారి తీయొచ్చు.

బుజ్జీ, ఇంకొక్కటి, దీని గురించే అసలు నిద్ర పట్టనిది. పంపిన ఫోటోల్లో ఒకదాంట్లో చంటాడు బాల్కనీ పక్క కిటికీ మెష్‌కి రెండు చేతులూ ఆన్చి నిలబడి ఉన్నాడు. ముద్దుగా ఉన్నాడు, ఫోన్లో పెట్టుకున్నాను, రోజూ చూస్తున్నాను. కానీ మెష్ దోమని ఆపేది తల్లీ, పిల్లాణ్ణి కాదు. ఆ ఫ్రేము ఒక తోపుకి పట్టాలోంచి ఊడి వస్తుంది. ఆ కిటికీకి గ్రిల్ లేదు, కింద మంచం ఆనించి ఉంది. మంచం ఇవాళే జరుపు. ఆదివారం మెష్ అతని కోసం తీసి పెట్టిన డబ్బుతో ముందు గ్రిల్ వేయించు, కమ్మీల మధ్య వాడి తల పట్టనంత దగ్గరగా. మెష్ తరవాత చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ