నోటి దుర్వాసన – కారణాలు, చికిత్స

వార్షికోత్సవ సంచికకు ఏ విషయం రాయాలా అని మేము, అంటే పదవ తరగతి వాళ్ళం, ఆలోచిస్తుండగా మా గదిలో జరిగిన ఒక సంగతి గుర్తుకు వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాము.

మా గదిలో ఒక మిత్రుని నోటి నుండి దుర్వాసన వచ్చేది. మేము వాడికి ఒక పేరు పెట్టి పిలిచేవాళ్ళం. భోజనాల వరుసలో వాడి పక్కన ఎవరమూ కూర్చునేవాళ్ళం కాదు. కొన్నాళ్ళకు వాడు నోటికి నోటుపుస్తకం అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. తరువాత మాట్లాడటమే తగ్గించాడు. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేవాడు కాదు. చిగుళ్ళ నుండి రక్తం కారేదాకా పళ్ళు తోమేవాడు. అయినా వాసన పోలేదు.

ఒక రాత్రి వాడి దవడ వాచింది. మరునాడు వార్డెన్ గారు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. మాలో ఇద్దరం తోడు వెళ్ళాము. పళ్ళ డాక్టరు గారు చూసి, “ఈ అబ్బాయి శుభ్రంగా లేక కాదు. దవడ పన్ను పుచ్చి లోపల చీము పట్టింది. ఎంత తోమినా ఇది పోదు, వైద్యం చేయాలి” అన్నారు. మేము తల వంచుకున్నాము. ఆ రోజు డాక్టరు గారు చెప్పినవి, తరువాత సైన్సు మాస్టారిని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాము.

వాసన ఎలా పుడుతుంది?

నోటి దుర్వాసన కడుపులో నుండి వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ సుమారు 80 నుండి 90 శాతం మందిలో దానికి కారణం నోటిలోనే ఉంటుంది. నాలుక వెనుక భాగంలో, పళ్ళ సందుల్లో, చిగుళ్ళ అంచుల కింద ఆక్సిజన్ అవసరం లేని బ్యాక్టీరియా నివసిస్తుంది. అది ఆహారపు తునకలలోని, రాలిన కణాలలోని ప్రోటీన్లను విడగొట్టినప్పుడు గంధకం కలిసిన వాయువులు వెలువడతాయి. వాటిలో ముఖ్యమైనది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన కోడిగుడ్డు వాసన కూడా దీనిదే.

లాలాజలం నోటిని ఎప్పటికప్పుడు కడుగుతూ ఉంటుంది. నిద్రలో అది తక్కువగా ఊరుతుంది. అందుకే పొద్దున్నే పాచి నోరు ఎవరికైనా వాసన వస్తుంది. అది జబ్బు కాదు.

ముఖ్య కారణాలు

1. నాలుక మీద పేరుకున్న తెల్లని పాచి.
2. పుచ్చిన పళ్ళు, చిగుళ్ళ వాపు, పళ్ళ మీద గట్టిపడిన గార.
3. నీళ్ళు తక్కువ తాగడం, నోటితో గాలి పీల్చడం, ఏమీ తినకుండా ఉండటం.
4. ఉల్లి, వెల్లుల్లి. వెల్లుల్లి వాసన రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా కూడా బయటకు వస్తుంది. కాబట్టి తోమినా వెంటనే పోదు.
5. బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా. ఇవి వాసనతో ఆగవు, నోటి క్యాన్సర్‌కు దారి తీస్తాయి.
6. టాన్సిల్స్, సైనస్ జబ్బులు.
7. అరుదుగా మధుమేహం, మూత్రపిండాలు, కాలేయం జబ్బులు. మధుమేహం ఉన్నవారి నోట పండిన పండ్ల వంటి వాసన వచ్చి, వాంతులు, నీరసం కూడా ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఏమి చేయాలి?

ఉదయం, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో 2 నిమిషాలు నెమ్మదిగా తోమాలి. మనలో చాలామందిమి ఉదయమే తోముతాము. కానీ ముఖ్యమైనది రాత్రి తోమడం. నాలుకను టంగ్ క్లీనర్‌తో వెనుక నుండి ముందుకు మెల్లగా గీయాలి. అన్నం తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. నీళ్ళు బాగా తాగాలి. బ్రష్షును 3 నెలలకు ఒకసారి మార్చాలి. కాస్మెటిక్ ఛార్జీల డబ్బుతో సబ్బు, నూనె కొన్నప్పుడు బ్రష్షును మరచిపోకూడదు. ఒకరి బ్రష్షు మరొకరు వాడరాదు.

ఇటుక పొడి, బొగ్గు పొడి, కచికలతో తోమితే పంటి పైనున్న ఎనామిల్ అరిగిపోతుంది. లవంగం, సోంపు నమిలితే వాసన కాసేపు మరుగున పడుతుందే కాని కారణం పోదు. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందును డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు మరకలు పడతాయి.

ఇవన్నీ చేసినా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే పళ్ళ డాక్టరుకు చూపించాలి. గార తీయిస్తే పళ్ళు కదులుతాయనేది అపోహ. నిజానికి గారను వదిలేస్తేనే చిగుళ్ళు దెబ్బతిని పళ్ళు కదులుతాయి. హైదరాబాద్, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. మన దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు.

చివరిగా ఒక మాట

ఎవరి నోటి వాసన వారికి సరిగా తెలియదు. ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. కనుక చెప్పే మిత్రుడు ఒకడు కావాలి. నలుగురిలో నవ్వడం చెప్పడం కాదు. పక్కకు పిలిచి, “ఒకసారి డాక్టరుకు చూపించుకుందాం, నేనూ వస్తాను” అనడమే చెప్పడం. మేము ఆ పని మొదటే చేసి ఉంటే మా మిత్రుని పన్ను బహుశా దక్కేది. వాపు తగ్గాక దాన్ని తీసేయవలసి వచ్చింది.

ఈ వ్యాసం ఇచ్చే ముందు వాడికే చదివి వినిపించాము. పేరు రాయవద్దన్నాడు, మిగతాది రాయమన్నాడు. ఇప్పుడు ఉదయం ప్రార్థనలో వార్తలు చదువుతున్నది వాడే. నోటికి పుస్తకం అడ్డం లేదు.