రూపాబాయి ఫర్దూంజీ: మత్తువైద్యమున తొలి వనిత

అరకు మొదలగు తూర్పుకనుమల గూడెములనుండి ప్రసవవేదనపడు స్త్రీని డోలీలో మోసి బండిదారికి చేర్చుట నేటికిని వినుచున్నాము. ఆసుపత్రి చేరినపిదప శస్త్రచికిత్స యవసరమైనచో, ఆమె ప్రాణము కత్తి పట్టిన వైద్యునిచేత నెంత యున్నదో, తలయొద్ద నిలిచి మత్తు నిచ్చువారిచేతను నంతయే యున్నది. ఈ విద్యను మన దేశమున మొట్టమొదట నభ్యసించిన స్త్రీగా వైద్యచరిత్రకారులు గణించునది హైదరాబాదు పార్సీ వనిత రూపాబాయి ఫర్దూంజీని. తెలుగుదేశమున ఆమె పేరెరిగినవారు కొలదిమందియే.

1875లో మదరాసు వైద్యకళాశాల నలుగురు స్త్రీలను చేర్చుకొనెను. కలకత్తాలో ప్రవేశము దొరకనందున 1882లో అబలాదాసు చదువుకొఱకు మదరాసునకే రావలసివచ్చెను. స్త్రీ రక్తమును చూడజాలదని వాదించిన పెద్దలుండిరి. ఇంటింట పురుడు పోయునది స్త్రీయే గదా. ఆమె చూడని రక్తమేది?

1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో ఐదుగురు స్త్రీలు చేరిరి. రూపాబాయి వారిలో నొకతె. అచటి గురువు రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లారీ. ఆయన కెల్లప్పుడును క్లోరోఫారము గొడవయే. 1847లో ఎడింబరోలో సింప్సను ప్రసవవేదనకు దానిని వాడెను. మూడుమాసములలోపుననే, 1848 జనవరిలో, ఇంగ్లండున కాలిగోరు తీయించుకొనవచ్చిన పదునైదేండ్ల బాలిక దానిని పీల్చి మరణించెను. ఆగునది శ్వాసయా, గుండెయా? శ్వాసయే ముందాగునని లారీ పట్టుదల. నిజాము ధనసహాయముతో 1888, 1889లలో హైదరాబాదున రెండు పరిశోధకసంఘములు కూర్చుండి అట్లే తీర్మానించినవి. గుండెయు హఠాత్తుగా నాగగలదని 1911లో లీవీ నిరూపించుటచే గురువుగారి సిద్ధాంతము చెడెను. అయినను రోగి యూపిరిపైనుండి చూపు మరల్పకుమను ఆయన పాఠము చెడలేదు.

ఆ పాఠమును చేతబట్టి రూపాబాయి 1889లో హకీము పట్టము పొందెను. స్పృహ దప్పి పరపురుషులయెదుట పడియుండుటకు ఘోషాస్త్రీ యెట్లొప్పుకొనును? మత్తు నిచ్చు చేయి స్త్రీదైనచో ఆ జంకు సగము తీరును.

ఇరువదియేండ్లు పనిచేసినపిదప, 1909లో, ఆమె ఎడింబరోకేగి మరల విద్యార్థిని యయ్యెను. మత్తువైద్యమునకు ప్రత్యేకపరీక్ష అప్పటి కింగ్లండుననే లేదు, 1935లోగాని యేర్పడలేదు. కావున ఆవిరుల గుణము నెరుగుటకు అక్కఱకు వచ్చు భౌతిక, రసాయనశాస్త్రములను చదివెను. 1870లో శరీరశాస్త్రపరీక్షకు పోవుచున్న స్త్రీలపై మగవిద్యార్థులు బురద చల్లి వాకిలి మూసినది ఆ నగరముననే. ఆమె తిరిగివచ్చి హైదరాబాదు ఆసుపత్రులలో పనిచేసి, 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి పర్యవేక్షకురాలిగా నుండి విరమించెను.