నర్సులకు పాఠము చెప్పువారు

గ్రామమున నర్సు అనగనే మనకు తోచునది తెల్లని దుస్తులు, మందుల సంచి, సూది. ఆమెకు ఆ పని నేర్పినవారెవరను ప్రశ్న పంచాయతీ సమావేశములలో సాధారణముగ రాదు. కాని ఉపకేంద్రము చక్కగ నడచుటకును, పేరునకు మాత్రమే నడచుటకును గల భేదములో చాలభాగము ఆ నేర్పినవారిపై ఆధారపడి యుండును. 2018 నుండి నర్సింగు పట్టభద్రులను అనేక ఉపకేంద్రములలో నియమించుచుండుటచే ఈ విషయము గ్రామమునకు మరింత దగ్గరైనది. నర్సింగు ఉపాధ్యాయురాలు కాదలచిన యువతి ఎక్కవలసిన మెట్లెవ్వి, ఆ చదువుతో పంచాయతీ సభ్యులకు గల పని యేమి అనునది ఇచట వివరింతుము.

నర్సుపని బాగుగ చేయువారెల్లరు దానిని బాగుగ నేర్పగలరని చాలమంది తలంతురు. అది సరికాదు. ఏడవ నెల గర్భిణి యింటికి ఒక నర్సింగు విద్యార్థిని వెళ్లినదనుకొందము. గర్భిణి పాదములు వాచియున్నవి, ముఖము ఉబ్బినది, తలనొప్పి యున్నదని ఆమె చెప్పుచున్నది. విద్యార్థిని గాజు గొట్టములో మూత్రమును కాచగా తెల్లని మడ్డి కనిపించినది. వెంటనున్నది అనుభవము గల నర్సు మాత్రమే యైనచో, తానే ముందునకు వచ్చి రక్తపుపోటు చూచి గర్భిణిని ఆసుపత్రికి పంపును. గర్భిణికి మేలు జరుగును గాని, విద్యార్థిని నేర్చినది స్వల్పము.

ఉపాధ్యాయురాలు అట్లు చేయదు. "తరువాత నేమి చేయుదువమ్మా?" అని మెల్లగ అడుగును. ఎసిటిక్ ఆమ్లము కొన్ని చుక్కలు వేయవలెనని విద్యార్థినియే చెప్పవలెను. ఎందులకు? ఆమ్లము వేసినంతనే మడ్డి కరగిపోయినచో అది ఫాస్ఫేట్ లవణము, భయము లేదు. కరగక నిలిచినచో అది ఆల్బుమిన్ అను మాంసకృత్తు. రక్తపుపోటు 140/90 గాని అంతకు మించి గాని యున్నచో, ఈ లక్షణములన్నియు కలిసి మన పల్లెలలో గుర్రపువాతమని చెప్పుకొను వ్యాధికి హెచ్చరిక యగును. ఆలస్యమైనచో మూర్ఛలు వచ్చి తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము కలుగవచ్చును. గర్భిణికి భయము కలుగకుండ, కాలము వ్యర్థము గాకుండ ఈ ప్రశ్నలు వేయవలెను. విద్యార్థిని తడబడిన క్షణమున పనిని తన చేతిలోనికి తీసికొనవలెను. కాళ్లవాపు కడుపుతో నున్నవారికి సహజమే గదా యని సరిపెట్టుకొను అలవాటును విద్యార్థిని మనసునుండి తొలగించునది ఈ శిక్షణయే. దీనికి వేరు చదువు కావలెను.

ఈ సంగతిని లోకము గుర్తించుటకు కొంతకాలము పట్టినది. లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరిట నర్సుల పాఠశాల 1860లో తెరవబడినది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో నర్సులకు ప్రత్యేక బోధన 1899లో గాని ఆరంభము కాలేదు. 1907లో ఆ కళాశాలయందే అడిలెయిడ్ నట్టింగ్ అను నర్సు ఆచార్యపదవి నందినది. మన దేశమున సుమారు 43,000 మంది జనులకు ఒక్క నర్సు మాత్రమే కలదని భోర్ సంఘము 1946లో నివేదించినది. ఆ యేడే ఢిల్లీలోను, వెల్లూరులోను నర్సింగు పట్టవిద్య మొదలైనది. రెండేండ్ల ఎం.ఎస్సి. చదువును 1959లో ఢిల్లీలోని కళాశాల ఆరంభించినది. దానినే నేడు రాజకుమారి అమృత్ కౌర్ కళాశాల యందురు. నాటి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ అమలులోనికి వచ్చినదియు ఆ సంవత్సరమే.

ఇక మార్గము. ఇంటర్మీడియెట్ తరువాత బి.ఎస్సి. నర్సింగు నాలుగేండ్లు. జి.ఎన్.ఎం. అను మూడేండ్ల డిప్లొమా చదివినవారు రెండేండ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సి. చేసి అదే మెట్టునకు చేరవచ్చును. డిప్లొమాతో చదువు ముగిసినదని ఇంటిలో కూర్చున్న యువతులకు ఈ రెండవ దారి యున్నదని ఎవ్వరును చెప్పరు, సభ్యులు చెప్పవలెను. రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదై, డిగ్రీలో 55 శాతము మార్కులును, ఒక సంవత్సరము పని అనుభవమును గలవారు ఎం.ఎస్సి.కి అర్హులని భారత నర్సింగు కౌన్సిలు నియమము. 2023లో పార్లమెంటు నర్సింగు విద్యకై క్రొత్త చట్టము చేసియున్నది గనుక, దరఖాస్తు చేయు సంవత్సరమున అమలులో నున్న నియమములను విచారించుట మేలు. విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము, వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయము ఈ విషయమున అడుగదగిన చోట్లు.

ఎం.ఎస్సి. రెండేండ్లలో బోధనాపద్ధతి, పరిశోధన, గణాంకములు, నర్సింగు నిర్వహణము అందరికి సామాన్యము. వీనితోపాటు వైద్య శస్త్రచికిత్స, ప్రసూతి, శిశు, మానసిక, సామాజిక ఆరోగ్య శాఖలలో ఒక దానిని ప్రత్యేకముగ అభ్యసించి, పరిశోధన వ్యాసమొకటి సమర్పింపవలెను. గ్రామమునుండి వెళ్లిన యువతి సామాజిక ఆరోగ్యమును ఎన్నుకొనుట మాకు ముచ్చటగ తోచును గాని, అది ఆమె ఇష్టము. కేవలము బి.ఎస్సి.తో ట్యూటరుగ చేరవచ్చును. అసిస్టెంట్ ప్రొఫెసరు మొదలు పై పదవులకు ఎం.ఎస్సి. తప్పనిసరి. ఈ ఉద్యోగము పురుషులకును కలదు.

ఇచట ఒక హెచ్చరిక. గుర్తింపు లేని కళాశాలలో చేరి, భూమి అమ్మిన సొమ్ము చెల్లించి, చివరకు పట్టా చెల్లదని తెలిసిన కుటుంబము దుఃఖము చెప్పనలవి కాదు. చేరుటకు ముందే ఆ కళాశాల కౌన్సిలు జాబితాలో కలదా, విశ్వవిద్యాలయమునకు అనుబంధమైనదా యని రెండును చూడవలెను. హాజరు కానక్కరలేదు, ఇంటియొద్దనే ఎం.ఎస్సి. ఇప్పింతుమను వారిని నమ్మరాదు. ఇది వార్డులలో నిలిచి చేయవలసిన చదువు. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు ఆదాయపరిమితికి లోబడి పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనము కలదు. కుల, ఆదాయ ధ్రువపత్రములు తహశీల్దారు కార్యాలయమునుండి సకాలమున వచ్చునట్లు సభ్యులు శ్రద్ధ వహించినచో పెద్ద సహాయమగును.

డబ్బు కంటె కష్టమైన చిక్కు వయస్సు. బి.ఎస్సి. ముగియుసరికి పిల్లకు ఇరువదిరెండేండ్లు. అనుభవము, ఎం.ఎస్సి. కలిపి మరి మూడేండ్లు. తండ్రి మీ యొద్దకు వచ్చి, "ఇంక చాలదా బాబూ, సంబంధము వచ్చినది" అని అడుగును. చదువు ఒక్కసారిగ చేయనక్కరలేదని ఆయనకు చెప్పవచ్చును. నడుమ ఉద్యోగము చేయుట నష్టము కాదు, నియమము కోరునదే అది. వివాహము తరువాత ఎం.ఎస్సి. చేయవచ్చును, కాని ఆ మాట పెండ్లిచూపులనాడే ఇరువైపుల పెద్దల యెదుట అనుకొనుట మంచిది. పెండ్లియైన పిమ్మట అడిగినచో, హాస్టలు మాటయే ఇంటిలో తగవు తెచ్చును.

మరియొక పని పంచాయతీ చేతిలోనే యున్నది. నర్సింగు విద్యార్థులు సామాజిక ఆరోగ్య శిక్షణకై గ్రామములకు వత్తురు. ఇల్లిల్లు తిరిగి కుటుంబ వివరములు వ్రాసికొందురు, గర్భిణులను, పసిబిడ్డలను చూతురు. వారికి కూర్చుండుటకు ఒక గది, త్రాగునీరు, మరుగుదొడ్డి కావలెను. వారు వచ్చు ముందటి దినమున ఆశా కార్యకర్తచే వాడవాడకు కబురు పంపినచో తలుపులు మూయబడియుండవు. కూలికి పోవు స్త్రీలు ఇంటనుండు వేళలు ఉదయము, సాయంత్రము గనుక ఆ సంగతిని ఉపాధ్యాయురాలికి ముందే తెలియజేయవలెను. గ్రామమున ఇంటరు చదువుచున్న ఆడపిల్లలను ఆ దినమున వారి వెంట పంపినచో, నర్సుపని యెట్టిదో, దానిని నేర్పుట యెట్టిదో వారు కన్నులార చూతురు.