ఏ గొట్టం ఎక్కడికి? ఐసీయూ మంచం పక్కన దాగిన ప్రమాదం

రాయ్‌పుర్‌లో రైల్వే స్టేషన్‌కు అవతలి వైపున్న గుఢియారీ నుంచి ఎవరినైనా అత్యవసరంగా పెద్దాసుపత్రికి తరలించాలంటే టాటీబంద్‌లోని ఎయిమ్స్‌కో, నగరంలోని అంబేడ్కర్ ఆసుపత్రికో తీసుకెళ్తారు. పేషెంటు ఐసీయూలో చేరాక, తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసే బంధువులకు మనిషికన్నా ముందు గొట్టాలు కనిపిస్తాయి. చేతి సిరలోకి సెలైన్, మెడ దగ్గరి పెద్ద సిరలోకి రెండు మూడు రకాల మందులు, మణికట్టు ధమనిలో రక్తపోటు కొలిచే లైను, ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్, ఆక్సిజన్ గొట్టం, మంచం కింద వేలాడే మూత్రం సంచికి మరొకటి. పరిస్థితి విషమించిన పేషెంటుకు ఇవి పది దాటడం మామూలే. వీటిలో చాలావరకు పారదర్శకంగా, మెత్తగా, చూడటానికి ఒకేలా ఉంటాయి.

వీటిని చిక్కు పడకుండా ఉంచడమంటే మంచం చూడముచ్చటగా సర్దడమని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. కడుపులోకి వెళ్లాల్సిన పాలో, ద్రవాహారమో సిరలోకి వెళ్తే ఏమవుతుంది? అందులోని కొవ్వు, ప్రోటీన్ రేణువులు రక్తంతో పాటు ఊపిరితిత్తులకు చేరతాయి. అక్కడి కేశనాళికల వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. రేణువులు వాటిని మూసేస్తాయి. పైగా ఆ ఆహారం సెలైన్‌లా సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసింది కాదు, కాబట్టి రక్తంలోకి ఇన్ఫెక్షన్ కూడా చేరుతుంది. ఇలా పాలు పొరపాటున సిరలోకి ఎక్కించిన సంఘటన 1972లోనే వైద్య పత్రికకెక్కింది. ఆ తర్వాత కూడా అనేక దేశాల నుంచి ఇలాంటివి వస్తూనే ఉన్నాయి.

తెలిసిన పొరపాటు ఇన్నేళ్లు ఎందుకు కొనసాగింది? జవాబు గొట్టం చివర ఉండే చిన్న మూతిలో ఉంది. సిరంజి మొన, సూది వెనుక భాగం, క్యాన్యులా మూతి ఒకదానిలో ఒకటి ఇమిడేలా చేసే ఈ అమరికను లూయర్ అంటారు. 19వ శతాబ్దంలో పారిస్‌లో వైద్య పరికరాలు తయారుచేసిన లూయర్ పేరు మీద అది స్థిరపడింది. చూడటానికి సాదా గొట్టంలా ఉన్నా అది నిజానికి సన్నని శంకువు. పొడవులో ప్రతి 100 మిల్లీమీటర్లకు వ్యాసం 6 మిల్లీమీటర్లు తగ్గే వాలు దానిది. అంటే శంకువు అక్షంతో దాని గోడ చేసే కోణం రెండు డిగ్రీలు కూడా లేదు. ఇంత తక్కువ వాలున్న శంకువును మరో శంకువులోకి నొక్కితే, దాన్ని వెనక్కి తోసే బలం కన్నా రెండు గోడల మధ్య ఘర్షణ ఎక్కువవుతుంది. జిగురు లేదు, రబ్బరు వాషర్ లేదు, అయినా చుక్క కారదు. దీనికే మరను జోడించి తిప్పి బిగించేలా చేసింది లూయర్ లాక్.

ఇంత చక్కగా పనిచేసే అమరికను అందరూ వాడుకున్నారు. సిర లైనుకు అదే, వెన్నెముక సూదికి అదే, కడుపు గొట్టానికి అదే, కొన్నిచోట్ల రక్తపోటు కొలిచే పట్టీకి గాలి పంపే గొట్టానికి కూడా అదే. ఏదైనా దేనికైనా సరిపోవడం గోదాములో సౌకర్యం, మంచం పక్కన ప్రమాదం. రాత్రి మూడు గంటలకు, మసక వెలుతురులో, నలుగురు పేషెంట్లను చూసుకుంటున్న నర్సు చేతికి తప్పు గొట్టం వచ్చినా అది ఒప్పు గొట్టమంత సాఫీగానే బిగుసుకుంటుంది. జాగ్రత్తగా ఉండాలని సిబ్బందికి చెప్పడం తేలిక. అలసిన మనిషి జాగ్రత్తను లోపలి రక్షణ గోడగా నమ్ముకోవడం మాత్రం ఇంజినీరింగ్ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన తొమ్మిది పేషెంటు భద్రతా పరిష్కారాల్లో గొట్టాల తప్పు కలయికను నివారించడం ఒకటి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 80369 అనే ప్రమాణాల వరుసను తెచ్చింది. మొదటి భాగం 2010లో వచ్చింది. కడుపు గొట్టాలకు, వెన్నెముక సూదులకు, సిర లైన్లకు వేర్వేరు మూతులు నిర్దేశించే భాగాలు 2016లో వచ్చాయి. కొత్త పద్ధతి కడుపు గొట్టం మూతి సిర లైనులో ఎంత నొక్కినా పట్టదు. 1972 నుంచి లెక్కిస్తే 44 ఏళ్లు.

ఆకారం మార్చి ప్రాణం కాపాడవచ్చని చెప్పే మరో ఉదాహరణ విన్‌క్రిస్టిన్. రక్త క్యాన్సర్‌కు వాడే ఈ మందును సిరలోకే ఇవ్వాలి. వెన్నెముక ద్రవంలోకి వెళ్తే దాదాపు ప్రతిసారీ ప్రాణాంతకం. అదే పేషెంటుకు అదే రోజున వెన్నులోకి ఇవ్వాల్సిన మందు మరొకటి ఉంటే, రెండూ సిరంజిల్లోనే ఉంటే, తారుమారు కావడానికి ఒక్క క్షణం చాలు. అందుకే 2007లో ఆరోగ్య సంస్థ విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని సూచించింది. అంత పరిమాణాన్ని వెన్నులోకి ఎక్కించాలని ఎవరికీ తోచదు.

అయితే ఆకారం అన్నిచోట్లా కాపలా కాయలేదు. 2000 సంవత్సరం వరకు రాయ్‌పుర్ కూడా భాగంగా ఉన్న మధ్యప్రదేశ్‌లో, ఇందౌర్‌లోని మహారాజా యశ్వంతరావు ఆసుపత్రిలో 2016 మే నెలలో ఇద్దరు పిల్లలు చనిపోయారు. కొత్తగా సిద్ధం చేసిన ఆపరేషన్ థియేటర్‌లో ఆక్సిజన్ రావాల్సిన పైపులో మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ వచ్చింది. ఈ రెండు వాయువుల సిలిండర్లకు రంగులు వేరు, ఒకదాని స్థానంలో మరొకటి బిగించలేని విధంగా పిన్నులు అమర్చే పద్ధతీ ఉంది. కానీ పైపులు బిగించే దశలోనే తారుమారైతే, థియేటర్‌లో నిలబడ్డ మత్తు డాక్టరుకు కనిపించేది సరైన పేరు రాసిన గోడ మూతి మాత్రమే. అలాంటి చోట పేరును నమ్మకుండా, వాడకం మొదలుపెట్టే ముందు లోపల వస్తున్న వాయువునే ఆక్సిజన్ కొలిచే పరికరంతో పరీక్షించాలి.

గొట్టాన్ని సరైన చోటే తగిలించినా ప్రమాదం తీరిపోదు. గొట్టం ఖాళీ దారి కాదు, అందులో మందు నిలిచి ఉంటుంది. లోపలి వ్యాసం 1.5 మిల్లీమీటర్లు, పొడవు 150 సెంటీమీటర్లు ఉన్న సన్నని లైను తీసుకుందాం. దాని ఘనపరిమాణం సుమారు 2.65 మిల్లీలీటర్లు. అందులోంచి రక్తపోటు నిలబెట్టే నోరడ్రినలిన్ గంటకు 2 మిల్లీలీటర్ల చొప్పున వెళ్తోందనుకోండి. ఆ లైనులో ఎప్పుడూ గంటా 20 నిమిషాలకు సరిపడా మందు ఉంటుంది. ఎవరైనా అది మామూలు సెలైన్ లైను అనుకుని, మరో మందు ఇచ్చాక 10 మిల్లీలీటర్ల సెలైన్‌తో కడిగితే, గంటకు పైగా వెళ్లాల్సిన మోతాదు కొన్ని సెకన్లలో గుండెకు చేరుతుంది. రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ లైను మీద, పేషెంటుకు దగ్గరి చివరన, మందు పేరు రాసిన చిన్న చీటీ అంటించి ఉంటే చాలు, చెయ్యి ఆగుతుంది. చీటీని పంపు దగ్గర మాత్రమే అంటిస్తే సగం ప్రయోజనమే, ఎందుకంటే సిరంజి గుచ్చేది ఇవతలి చివర.

అందుకే మంచి ఐసీయూల్లో గొట్టాలకు ఒక క్రమం ఉంటుంది. లోపలికి వెళ్లేవి ఒకవైపు, బయటికి వచ్చేవి మరోవైపు. సిర లైన్లు తల వైపు స్టాండుకు, కడుపు ఆహారం వీలైతే వేరే స్టాండుకు. ధమనిలోకి, వెన్నులోకి వెళ్లే లైన్లకు ప్రత్యేక గుర్తు. దేన్నైనా తగిలించే ముందు వేలితో గొట్టాన్ని పట్టుకుని శరీరం నుంచి సీసా వరకు పూర్తిగా వెంబడించి చూడటం ప్రధాన సూత్రం. దుప్పటి కింద మాయమైన భాగాన్ని ఊహించకూడదు. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు నర్సులు కలిసి ఈ పని మళ్లీ చేస్తారు. రెండు నిమిషాలు పడుతుంది. ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లున్నారన్న దాన్ని బట్టే ఆ రెండు నిమిషాలు దొరకడమూ, దొరకకపోవడమూ ఉంటుంది.

తరలింపు సమయంలో ఈ క్రమం చెదిరిపోతుంది. అంబులెన్స్ నుంచి స్ట్రెచర్‌కు, అక్కడి నుంచి స్కానింగ్‌కు, మళ్లీ మంచానికి మారుతుంటే లైన్లు లాగుకుంటాయి, ఊడతాయి. సెలైన్ సీసా పట్టుకునే బాధ్యత తరచూ బంధువుకే పడుతుంది. సీసా పేషెంటు చేతికి ఒక మీటరు ఎత్తున ఉంటే సుమారు 74 మిల్లీమీటర్ల పాదరస పీడనం వస్తుంది. సిరలోని పీడనం అందులో చిన్న భాగమే కాబట్టి ద్రవం లోపలికి వెళ్తుంది. బరువుగా ఉందని సీసాను మంచం మీద పెడితే ప్రవాహం ఆగిపోతుంది, రక్తం వెనక్కి గొట్టంలోకి రావచ్చు. మూత్రం సంచికి లెక్క తిరగబడుతుంది: అది ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. స్ట్రెచర్ మీద పేషెంటు కడుపుపై దాన్ని పెట్టి తోసుకెళ్లడం చాలాచోట్ల కనిపిస్తుంది. అప్పుడు సంచిలోని మూత్రం, దానితో సూక్ష్మజీవులు, తిరిగి లోపలికి వెళ్లగలవు.

ఏదైనా గొట్టం ఊడితే బంధువులు దాన్ని తిరిగి తగిలించకూడదు. ఎక్కడిదో స్పష్టంగా తెలుసనిపించినా సరే, సిస్టర్‌ను పిలవాలి. మెడ దగ్గరి లైను ఊడితే ఇంకా తొందరపడాలి: పేషెంటు కూర్చుని ఊపిరి పీల్చినప్పుడు ఆ సిరలో పీడనం బయటి గాలి కన్నా తగ్గి, తెరిచిన మూతిలోంచి గాలి గుండెలోకి లాగబడుతుంది. సిస్టర్ వచ్చేలోపు పేషెంటును లేవనివ్వకుండా వెల్లకిలా పడుకోబెట్టి ఉంచాలి, గొట్టానికి క్లిప్పు ఉంటే మూయాలి, లేకపోతే వేళ్లతో మడిచి గట్టిగా పట్టుకోవాలి.