ఎదిగిన బిడ్డను హోమ్‌లో చేర్చే ముందు

బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డను మన తర్వాత ఎవరు చూస్తారనే దిగులుతో తల్లిదండ్రులు హోమ్ వెదుకుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వానిది కాని హోమ్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి; ముందు ఆ కాగితం అడగండి. తర్వాత చెప్పకుండా భోజనం వేళకు వెళ్లండి. ముందుగా చెప్పి రమ్మనే చోటు నాకు నచ్చదు. గోడల రంగు ఎలా ఉన్నా ఫరవాలేదు, అక్కడివారి పళ్లు, గోళ్లు చూడండి. పట్టపగలు అందరూ మత్తుగా పడి ఉంటే, ఆ మందు ఏ డాక్టరు రాశారో అడగండి. రాత్రి ఆడవారి దగ్గర ఆయా ఉంటుందా?

మాటలు రానివారు నొప్పిని అరుపుతో, తల కొట్టుకోవడంతో తెలియజేస్తారు. మొండితనం అనుకొని మత్తుమందు ఇవ్వకూడదు. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం ఉన్నాయేమో డాక్టరుకు చూపించాలి. మూర్ఛ మాత్ర ఒక పూట తప్పినా ఫిట్స్ రావచ్చు, కాబట్టి మందుల రిజిస్టరు చూడండి. చేర్చాక నెలనెలా వెళ్లి బరువు తూయించండి. తగ్గుతుంటే కారణం అడగండి.